మాస్టారి కారు లెక్క

తెనాలిలో ఆ వీధివాళ్లకి పొద్దున్న ఏడయిందని తెలియడానికి గడియారం అక్కర్లేదు. లెక్కల మాస్టారి కారు స్టార్టయితే ఏడయినట్టే. ఆయన రిటైరై ఎనిమిదేళ్లయింది. బడికి వెళ్లేది లేదు, బెల్లు కొట్టేది లేదు. అయినా రోజూ ఆ వేళకి వరండాలోంచి దిగి, తెల్ల మారుతి 800 తలుపు తీసి, తాళం తిప్పుతారు. ఒక్క తిప్పుకే అందుకుంటుంది. ఐదు నిమిషాలు అలా మోగనిచ్చి, తృప్తిగా ఆపేసి లోపలికొస్తారు.

‘‘పెళ్లయి నలభై ఏళ్లయింది. నన్నొక్కరోజైనా ఇంత ముద్దుగా లేపారా?’’ అంటుంది ఆవిడ కాఫీ అందిస్తూ.

‘‘నువ్వు నాకంటే ముందే లేస్తావు కదే’’ అంటారాయన.

ఆ కారు 2000 సంవత్సరం దసరాకి ఇంటికొచ్చింది. ప్రావిడెంట్ ఫండ్‌లో అప్పు తీసి, ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి, రెండు లక్షల పైచిలుకు పోసి కొన్నారు. వీధిలో అదే మొదటి కారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్ మీద పసుపు బొట్లు పెట్టి, వీధి పిల్లలందర్నీ విడతలవారీగా ఎక్కించుకుని మార్కెట్ దాకా తిప్పుకొచ్చారు. నంబరు ప్లేటు మీద గుంటూరు జిల్లా ఏపీ 7. 2019 నుంచి కొత్త బళ్లకి రాష్ట్రమంతటా ఒకటే ఏపీ 39 వచ్చింది. దాంతో ఆ పాత అంకె మాస్టారికి ఇంటిపేరులా అయిపోయింది.

కారుతోపాటు ఇంట్లోకి ఇంకొకటి కూడా వచ్చింది. రెండొందల పేజీల నోటుబుక్కు. అందులో నాలుగు గడులు. తేదీ, కిలోమీటర్లు, చేయించిన పని, రూపాయలు. ఫ్యాన్ బెల్టు దగ్గర్నుంచి వైపర్ రబ్బరు దాకా పాతికేళ్లలో ఆ కారుకి పెట్టిన ప్రతి పైసా అందులో ఉంది. పెట్రోలు, ఇన్సూరెన్సులకి వేరే పుస్తకం. లెక్కల మాస్టారు కదా!

కారు మీటరులో ఉన్నవి ఐదు అంకెలే. లక్ష నిండగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఇప్పటికి మూడుసార్లు అలా తిరిగింది. తెలియనివాళ్లు తొంగిచూసి ‘‘పద్దెనిమిది వేలేనా తిరిగింది?’’ అని ఆశ్చర్యపోతే మాస్టారు మీసాల్లో నవ్వుకుంటారు. అసలు లెక్క 3 లక్షల 18 వేలు. ఒకసారి కొల్లిపర వైపు, ఇంకోసారి రేపల్లె వైపు బదిలీలు. ఏ ఊరి హైస్కూలుకి వేసినా కాపురం తెనాల్లోనే, రాకపోకలు ఈ కార్లోనే. వీధిలో ఎంతోమంది పెళ్లికూతుళ్లని గుడికి తీసుకెళ్లింది. ఓ అర్ధరాత్రి ఆవిడకి కడుపునొప్పి వస్తే గుంటూరు ఆసుపత్రికి చేర్చిందీ అదే. కొడుకు స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నదీ, గేటు స్తంభానికి గుద్దిందీ దానితోనే. ఆ సొట్ట మాస్టారు బాగు చేయించలేదు. గుర్తుగా ఉంచారు.

ఆ కొడుకే ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది ఒక్కటే. ‘‘నాన్నా, ఆ బండి ఎప్పుడు వదిలేస్తావు?’’

* * *

మాస్టారి దగ్గర జవాబులకి కరువు లేదు. మొదటిది డబ్బు లెక్క. పాతికేళ్లంటే 300 నెలలు. రిపేర్లకి అయిన మొత్తం 4 లక్షల 12 వేలు. నెలకు పదమూడు వందల డెబ్బై మూడు రూపాయలు. ‘‘సరే, ముసలిదయ్యాక ఖర్చు పెరిగిందనే అనుకుందాం. ఈ మూడేళ్లలో 94 వేలు. నెలకు రెండు వేల ఆరొందలు. అదే కొత్త కారుకి ఐదు లక్షల అప్పు తీసుకుంటే ఐదేళ్లపాటు నెలకు పది వేల పైనే కట్టాలి. ఏది లాభం?’’

ఈ లెక్కలో తప్పు పట్టడం కష్టమే. రిపేరు ఖర్చు ఒక్కసారిగా మీద పడుతుంది కాబట్టి పెద్దదిగా కనిపిస్తుంది. కిస్తీ నెలనెలా మెల్లగా జారిపోతుంది కాబట్టి చిన్నదిగా కనిపిస్తుంది. పాత కారుని ఖర్చుకి భయపడి అమ్మేసేవాళ్లు చాలామంది ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడరు. మాస్టారు చూశారు.

రెండో జవాబు ఓ తోటి పంతులు కథ. అమెరికాలో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో ఇర్వ్ గోర్డన్ అని ఓ సైన్సు మాస్టారు ఉండేవాడు. 1966లో వోల్వో పి1800 కారు కొన్నాడు. ఇక దాన్ని వదల్లేదు. 1987కి పది లక్షల మైళ్లు. 2013లో అలాస్కాలో 30 లక్షల మైళ్లు దాటించాడు. మన లెక్కలో 48 లక్షల కిలోమీటర్లకి పైమాటే. 2018లో ఆయన పోయేదాకా ఆ కారు ఆయన దగ్గరే ఉంది. ‘‘అంత దూరం ఎందుకు? మన దేశంలో 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొట్టమొదటి మారుతి 800 తాళాలు అందుకున్న ఢిల్లీ ఆయన హర్‌పాల్ సింగ్. 2010లో పోయేదాకా ఆ కారుని అమ్ముకున్నాడా?’’ అంటారు మాస్టారు.

మూడోది చట్టం. పదిహేనేళ్లు దాటితే కారు తుక్కు కిందే లెక్క అన్న మాట మన దగ్గర చాలామంది అంటుంటారు. అది ఢిల్లీ నుంచి పాకిన మాట. అక్కడి కాలుష్యం చూసి 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ పదేళ్లు దాటిన డీజిలు బళ్లనీ, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లనీ రోడ్డెక్కనివ్వొద్దంది. 2018లో సుప్రీంకోర్టూ ఔనంది. ఆ ఆంక్షలు ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాలకే. మన దగ్గర సొంత కారుకి పదిహేనేళ్లు నిండితే బండిని చూపించి, ఫిట్‌నెస్ తేలితే రిజిస్ట్రేషన్‌ని ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. మాస్టారు 2015లో ఓసారి, 2020లో ఓసారి చేయించారు. అప్పట్లో ఫీజు వందల్లోనే. 2022 ఏప్రిల్ నుంచి కారుకి అది 5 వేలయింది. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 10 వేలు చేశారు. దీనికి గ్రీన్ ట్యాక్సు అదనం. పాత బళ్లని మెల్లగా ఇంటికి పంపించాలన్న ఉద్దేశం దాచుకునేదేం కాదు.

మాస్టారి కారు గడువు 2025 అక్టోబరుతో అయిపోతుంది. ‘‘పదివేలేగా, కడదాం. నాకూ లైసెన్సు ఐదేళ్లకే ఇస్తున్నారు. దానికీ ఐదేళ్లే. ఇద్దరం కలిసే రిన్యువల్ చేయించుకుంటాం’’ అన్నారు నవ్వుతూ. అది నిజమే. 2019లో చట్టం మార్చాక 55 దాటినవాళ్లకి డ్రైవింగ్ లైసెన్సు ఐదేళ్లకి మించి ఇవ్వడం లేదు.

అంతవరకూ అది నాన్నా కొడుకుల సరదా వాదనే. ఆ దసరా సెలవులకి కొడుకు కుటుంబం తెనాలి వచ్చేదాకా.

* * *

మనవరాలికి ఆరేళ్లు. తాతయ్య కారంటే ప్రాణం. అద్దం చేత్తో తిప్పితే దిగుతుంది, అదొక వింత దానికి. ‘‘తాతయ్యా, ఇందులో దుర్గమ్మ గుడికి వెళ్దాం’’ అని మొదలుపెట్టింది. కొడుకు తన కారు తీశాడు. పిల్ల దిగనంది. కోడలు మొహమాటంగా చెప్పింది. ‘‘మావయ్య గారూ, వెనక సీటుకి బెల్టులు సరిగ్గా లేవు కదండీ. ఎయిర్‌బ్యాగులూ లేవు...’’

‘‘నీ మొగుణ్ని పదేళ్లు ఈ కార్లోనే తిప్పానమ్మా. ఏమైంది?’’ అన్నారు మాస్టారు. గొంతులో నవ్వుంది కానీ కళ్లలో లేదు. ఇక ఎవరూ మాట్లాడలేదు. మనవరాలు, నాయనమ్మ, తాతయ్య పాత కార్లో. కొడుకూ కోడలూ వెనక తమ కార్లో.

బయల్దేరేముందు చూస్తే వెనక ఎడమ టైరులో గాలి లేదు. మాస్టారు స్టెప్నీ తీసి బిగించారు. ఒక్కసారి కూడా వాడింది కాదు, గీతలు కొత్తదానిలా నిగనిగలాడుతున్నాయి. దర్శనం బాగా అయింది. తిరుగు ప్రయాణంలో దుగ్గిరాల దగ్గర, పక్కన కాలవ పారుతున్న చోట, ఢామ్మని చప్పుడు. కారు ఒక్క ఉదుటున ఎడమకి లాగేసింది. మాస్టారు బ్రేకు మీద కాలు వేయకుండా స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకున్నారు. పాతికేళ్ల అలవాటు కాపాడింది. కారు రోడ్డు దిగి, గట్టు మీద గడ్డిలో ఆగింది. ముందు చక్రం నుంచి నీళ్ల దాకా రెండు బారలు ఉంటుందేమో.

వెనకొస్తున్న కొడుకు పరుగెత్తుకొచ్చి పిల్లని ఎత్తుకున్నాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కొడుకు ఒక్క మాట అనలేదు. అరిచినా బాగుండేదేమోనని మాస్టారికి ఆ రాత్రంతా అనిపిస్తూనే ఉంది.

* * *

మర్నాడు మెకానిక్ వచ్చి కారుని తన షెడ్డుకి లాక్కెళ్లాడు. ఆ మెకానిక్ ఆయన శిష్యుడే. తొమ్మిదో తరగతిలో లెక్కల్లో తప్పి, చదువు మానేసి, విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని వచ్చి ఊళ్లో షెడ్డు పెట్టుకున్నాడు. పేలిన టైరుని తిప్పి, పక్కనున్న అంకెలు చూపించాడు.

‘‘చదవండి మాస్టారూ.’’

‘‘ఒకటి, ఎనిమిది, ఒకటి, రెండు.’’

‘‘2012లో పద్దెనిమిదో వారంలో తయారైంది. పదమూడేళ్లు. వాడకపోయినా రబ్బరు ముసలిదైపోద్ది. గీతలు కొత్తగా ఉన్నంత మాత్రాన టైరు కొత్తది కాదు.’’

ప్రతి టైరు మీదా ఆ నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. పాతికేళ్లు నోటుబుక్కు రాసిన మనిషి ఆ అంకెలు ఒక్కసారి కూడా చూడలేదు.

‘‘సరే, నాలుగు టైర్లూ మార్చెయ్‌రా’’ అన్నారు.

మెకానిక్ కదల్లేదు. ‘‘టైర్లు మార్చొచ్చు మాస్టారూ. ఇంజనుకి రింగులు వెయ్యొచ్చు, బోరు కొట్టించొచ్చు. క్లచ్ ప్లేటు, బ్రేక్ షూలు, సైలెన్సరు... డబ్బు పెడితే ఏదైనా కొత్తది దొరుకుద్ది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక పాత బళ్లకి రబ్బరు గొట్టాలు ముందే పోతాయేమో అని భయపడుతున్నారు, అవీ మార్చుకోవచ్చు. కిలోమీటర్లు చూసి బండిని వదిలెయ్యమని నేనెప్పుడూ చెప్పను. మీ ఇంజను నీలం పొగ కూడా వదలట్లేదు. ఇంకో యాభై వేలు తిరుగుద్ది. కానీ ఇటు రండి.’’

కారుని పైకి లేపి ఉంచాడు. మాస్టారు వంగి చూశారు. మెకానిక్ ఓ స్క్రూడ్రైవరు తీసి, వెనక సీటు కింద రేకు మీద పెట్టి నొక్కాడు. పెద్ద బలం కూడా వాడలేదు. అప్పడంలో వేలు దిగినట్టు దిగిపోయింది. ఇంకోచోట నొక్కాడు. అక్కడా అంతే. సీటు బెల్టు బిగించే బోల్టు చుట్టూ రేకు ఎర్రగా పొరలు పొరలుగా రాలింది.

‘‘2009లో కృష్ణకి వరదొచ్చినప్పుడు కొల్లిపర వైపు రెండు రోజులు నీళ్లలో ఉందన్నారు గుర్తుందా? అక్కడ మొదలైంది. మిగతాది మీరు చేసిందే.’’

‘‘నేనేం చేశాన్రా?’’

‘‘ప్రతి ఆదివారం బక్కెట్లతో కడుగుతారుగా. లోపల కూడా. పైన ఎండిపోద్ది. మ్యాట్ల కింద ఆరదు.’’

మాస్టారు అక్కడున్న స్టూలు మీద కూర్చున్నారు. పాతికేళ్లు ముద్దుగా పోసిన నీళ్లే కారుని కింద నుంచి తినేశాయి.

‘‘వెల్డింగు పెట్టలేమా?’’

‘‘పెట్టొచ్చు. ప్లేటు అతికించి, కింద నల్లరంగు కొడితే చూసినవాళ్లకి తెలియదు. రిన్యువలూ అయిపోవచ్చు. కాకపోతే అతుకు వేసిన రేకు ఇంకో రేకుని పట్టుకోవాలిగా. అది పక్కన కూడా మెత్తబడిపోయింది. గుద్దుకుంటే బండి ఎటు ముడుచుకుంటుందో నేను చెప్పలేను.’’ కాసేపు ఆగి అడిగాడు. ‘‘మీరు చెప్పండి మాస్టారూ, చేసేమంటారా?’’

చిన్నప్పుడు తాను బోర్డు దగ్గర నిలబెట్టి అడిగినట్టే వాడు ఇప్పుడు తనని అడిగాడు. మాస్టారికి జవాబు తెలుసు. నోరు రాలేదు.

* * *

ఆ రాత్రి నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నారు. టైర్లకి ఇంత, వెల్డింగుకి ఇంత, రిన్యువల్‌కి పది వేలు. ఎలా కూడినా కొత్త కారు కిస్తీల ముందు అది తక్కువే. పాత కారే గెలుస్తోంది. మళ్లీ కూడారు. మళ్లీ అదే గెలిచింది.

ఆవిడ మంచినీళ్ల చెంబు పెట్టి, పుస్తకంలోకి చూసింది. ‘‘తేదీ ఉంది, కిలోమీటర్లున్నాయి, రూపాయలున్నాయి. అందులో ఎవరు కూర్చున్నారో రాయలేదేం?’’ అంది. ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అడిగింది. పాతికేళ్లుగా ఆయన ఎడమ పక్క సీట్లో కూర్చున్న మనిషి ఆవిడే.

2019 నుంచి కొత్త కార్లకి డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగు, చక్రాలు జారకుండా ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరి. ఆ తరవాత పక్క సీటుకీ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేశారు. ఇవన్నీ మాస్టారు పేపర్లో చదివినవే. ‘మనకేం, నలభై దాటి పోనివ్వం’ అనుకుని పేజీ తిప్పేశారు. మనం నలభై మీద వెళ్తే ఎదుటివాడూ నలభై మీదే వస్తాడా అన్న ప్రశ్న ఆయనకి ఆ రాత్రే వచ్చింది.

కారుని ఇంకా ఎన్నాళ్లు ఉంచుకోవాలన్నదానికి ఆయన ఇన్నాళ్లూ ఒకే ప్రశ్న వేసుకున్నారు. ‘ఎంత ఖర్చవుతుంది?’ దానికి జవాబు ఎప్పుడూ ‘ఉంచుకో’ అనే వచ్చింది. ఆ ప్రశ్నకి అదే సరైన జవాబు కూడా. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ‘పిల్లని దీంట్లో ఎక్కించి, చేరామన్న ఫోను వచ్చేదాకా నేను ఇంట్లో నిశ్చింతగా కూర్చోగలనా?’ మూడేళ్ల కిందట అడిగినా కాదనే వచ్చేదేమో. అందుకే అడగలేదేమో.

* * *

కారు ఇచ్చేస్తున్నారని తెలిసి వారం తిరక్కుండా ఓ కుర్రాడు వచ్చాడు. మార్కెట్లో చిన్న కొట్టు. బండి మీద పెళ్లాన్నీ, ఇద్దరు పిల్లల్నీ కూర్చోబెట్టుకుని తిరుగుతున్నాడు. వానొస్తే కష్టం. ఇంజను చప్పుడు విని మురిసిపోయాడు. ‘‘ముప్ఫై ఐదు వేలు ఇస్తానండీ. మాస్టారి బండంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు’’ అన్నాడు.

ఆ మాట మాస్టారికి గుచ్చుకుంది. కింద ఉన్న సంగతి చెప్పారు. కుర్రాడు నవ్వేశాడు. ‘‘ఊళ్లో తిరగడానికేగా మాస్టారూ. వెల్డింగు నేను చేయించుకుంటా. బైకు కంటే నయమే కదా!’’

అదీ అబద్ధం కాదు. బండి మీద నలుగురు వెళ్లడం కంటే నయమే. మాస్టారు ఓ రోజంతా ఆలోచించారు. ఆవిణ్ని అడిగితే ‘‘మీ ఇష్టం’’ అంది. కొడుకుని అడిగితే ‘‘చెప్పే ఇస్తున్నావుగా నాన్నా, ఇక నీ తప్పేముంది?’’ అన్నాడు. మర్నాడు కుర్రాణ్ని పిలిచి వద్దన్నారు. ‘‘ఊళ్లోనే తిప్పుతానంటావు. తరవాతి దసరాకి నీ పిల్లలూ దుర్గమ్మ దగ్గరికి తీసుకెళ్లమంటారు. నా మనవరాలికి పనికిరానిది నీ పిల్లలకి పనికొస్తుందని నేనెలా అనగలనురా?’’

కుర్రాడు నొచ్చుకునే వెళ్లాడు. మాస్టారు చేసింది మంచో, చాదస్తమో వీధిలో ఇంకా తేలలేదు.

పాత బళ్లని పద్ధతిగా తుక్కు చేసే విధానాన్ని కేంద్రం 2021 ఆగస్టులో మొదలుపెట్టింది. అనుమతి ఉన్న కేంద్రంలో బండి అప్పగిస్తే ఓ సర్టిఫికెట్ ఇస్తారు. రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఆ కాగితం చూపిస్తే కొత్త సొంత కారు పన్నులో రాష్ట్రాలు 25 శాతం దాకా తగ్గించవచ్చు. ఇవేవీ చూసుకోకుండా బండిని తెలిసిన తుక్కువాడికి ఇచ్చేస్తే, కాగితాల్లో అది ఇంకా మన పేరు మీదే తిరుగుతూ ఉంటుంది. మాస్టారు పద్ధతిగానే ఇచ్చారు. 17 వేలు వచ్చాయి. కుర్రాడు ఇస్తానన్నదానికంటే 18 వేలు తక్కువ.

అప్పగించే రోజు పొద్దున్న ఏడింటికి తాళం తిప్పారు. ఎప్పట్లాగే ఒక్క తిప్పుకే అందుకుంది. ఆవిడ వరండాలోంచి చూస్తూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మాస్టారు మాత్రం పుస్తకం తీసి, తేదీ వేసి, కిలోమీటర్లు వేసి, పని అన్న గడిలో ‘అప్పగింత’ అని రాశారు.

ఇప్పుడు ఆ వరండా ముందు 2021 మోడల్ చిన్న కారు ఉంది. ఓ డాక్టరు గారు వాడి అమ్మింది. రెండు ఎయిర్‌బ్యాగులున్నాయి. కొనేముందు మాస్టారు ఇంజను చప్పుడు వినలేదు. మోకాళ్లు నొప్పులున్నా కింద కూర్చుని నాలుగు టైర్ల మీదా అంకెలు చదివారు. తరవాత డిక్కీ తీయించి స్టెప్నీ మీద కూడా చదివారు. మ్యాట్లు ఎత్తి చూశారు. ఇంటికొచ్చాక కొత్త నోటుబుక్కు తీసి, ఈసారి ఐదు గడులు గీశారు.

మెకానిక్ ఇంటికొచ్చి కారు చూసి బాగుందన్నాడు. వెళ్లబోతుంటే మాస్టారు గేటు దాకా వచ్చారు.

‘‘ఒరేయ్, దీని సంగతి నువ్వు చూసుకుంటావు సరే. నా లైసెన్సుకి ఇంకా రెండేళ్లుంది. నా కళ్లు, నా చేతులు ఎప్పుడైనా తేడాగా అనిపిస్తే మొహమాటపడకు. స్క్రూడ్రైవరు పెట్టి చూపించినట్టే చెప్పు.’’

వాడు నవ్వాడు. మాస్టారు నవ్వలేదు.